రష్యా అంటే ఊరి పేరు కాదు

పాత కాగితాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో యూదు కుటుంబాల గురించి అడిగినవే ఎక్కువ. అమెరికాలో మన పిల్లల పెళ్లిళ్లు ఎలా జరుగుతున్నాయో చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలో కుటుంబ చరిత్రల బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కావు. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీకు కావలసినవి కూడా సగం అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అమ్మాయి యూదుల అబ్బాయిని పెళ్లి చేసుకుంది. మనవరాలిని బడిలో రెండు వైపులా వంశవృక్షం రాసుకు రమ్మన్నారు. మా వైపుది ఒక్క సాయంత్రంలో రాసేశాం. అల్లుడి వైపుది వాళ్ల ముత్తాత దగ్గర ఆగిపోయింది. పేరు లూయిస్. 1885 ప్రాంతంలో పుట్టి, బ్రూక్లిన్‌లో దర్జీ పని చేసి, 1946లో పోయారు. "కోవ్నో నుంచి వచ్చాడు" అని మా వియ్యంకుడుగారు అంటారు, అంతకు మించి ఆయనకీ తెలియదు. అల్లుడు మూడు జనగణన కాగితాలు వెతికి తీశాడు. పుట్టిన దేశం 1910లో రష్యా అని, 1930లో పోలండ్ అని, 1940లో లిథువేనియా అని ఉంది. అసలు ముగ్గురూ ఒకరేనా? ఆయన సొంత ఊరు, తల్లిదండ్రుల పేర్లు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ముందు మీ అనుమానం సంగతి. దేశం పేరు చూసి మనిషిని పోల్చుకోకండి. మూడు కాగితాల్లోనూ భార్య పేరు, పిల్లల పేర్లు, వాళ్ల వయసుల వరస పక్కపక్కన పెట్టి చూడండి. అవి కలిస్తే మనిషి ఒక్కడే, మారింది సరిహద్దు. 1910లో కోవ్నో రష్యా సామ్రాజ్యంలో ఉంది. 1918లో లిథువేనియా స్వతంత్రం ప్రకటించుకుంది. రాజధాని కావలసిన విల్నా (ఇప్పటి విల్నియస్), దాని చుట్టుపక్కల ప్రాంతం పోలండ్ చేతికి పోయాయి. అందుకే రెండు యుద్ధాల మధ్య కాలంలో కోవ్నో, అంటే ఇప్పటి కౌనస్, లిథువేనియాకు తాత్కాలిక రాజధాని అయింది.

మరి 1930లో పోలండ్ ఎలా వచ్చిందంటారా? జనగణన గుమాస్తా తలుపు కొట్టినప్పుడు ఎవరు తీస్తే వాళ్లు చెప్పిందే రాసుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లనైనా అడిగి రాసుకుని వెళ్లిపోయేవాడు. 1940 కాగితంలో మాత్రం ఒక సుఖం ఉంది. వివరాలు చెప్పినవాళ్ల పేరు పక్కన సున్నా చుట్టి అందులో ఇంటూ గుర్తు వేశారు. ఆ గుర్తు ఎవరి పేరు పక్కన ఉందో మీ అల్లుడిని చూడమనండి. లూయిస్ పక్కనో, ఆయన భార్య పక్కనో ఉంటే లిథువేనియా అన్న మాటను నమ్మొచ్చు. బ్రూక్లిన్‌లో పుట్టిన పిల్లల పక్కన ఉంటే నేనైతే దానికి అంత విలువ ఇవ్వను.

మీ అల్లుడు వదిలేసింది 1920 జనగణన. అదే మీకు ముఖ్యం. యుద్ధం తర్వాత సరిహద్దులు తలకిందులు కావడంతో, రష్యా, జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, టర్కీల్లో పుట్టామన్నవాళ్ల రాష్ట్రమో నగరమో కూడా అడిగి రాయమని ఆ ఏడాది గుమాస్తాలకు చెప్పారు. కొందరు రాశారు, కొందరు బద్ధకించారు. పైగా ఏ సంవత్సరంలో అమెరికా వచ్చాడు, పౌరసత్వం వచ్చిందా లేదా, వస్తే ఏ ఏడాదిలో అనే గళ్లు అందులో ఉన్నాయి. 'ఎన్ఎ' అని ఉంటే పౌరుడయ్యాడని, 'పిఎ' అంటే మొదటి కాగితం (పౌరుణ్ని కాదలిచానన్న ప్రకటన) వేశాడని, 'ఎఎల్' అంటే ఇంకా పరాయి దేశస్థుడేనని. ఆ రెండక్షరాలను బట్టే తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది.

ఇప్పుడు కోవ్నో సంగతి. ఆ రోజుల్లో కోవ్నో ఒక నగరం, ఒక గుబెర్నియా కూడా. గుబెర్నియా అంటే రష్యా పాలనలో రాష్ట్రం లాంటిది. అందులో ఏడు జిల్లాలు, వాటి నిండా చిన్న చిన్న ఊళ్లు. విల్కోమిర్ (ఇప్పుడు ఉక్మెర్గే), పొనెవెజ్ (పనెవెజిస్), షావ్లి (షౌలియై) అన్నీ కోవ్నో కిందివే. బ్రూక్లిన్‌లో ఎవరైనా "ఎక్కడివాడివి?" అని అడిగితే, అడిగినవాడికి తెలియని పల్లె పేరెందుకని "కోవ్నో" అనేసేవాళ్లు. మీ వియ్యంకుడుగారి మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని కౌనస్ నగరం పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఊరి పేరు అమెరికా కాగితాల్లో తేలాకే సముద్రం దాటండి. ఈ పనిలో నాకున్న పట్టుదల ఇదొక్కటే.

లూయిస్ పౌరుడయ్యాడని తేలితే పౌరసత్వ పిటిషన్ తెప్పించండి. 1906 సెప్టెంబరు 27కు ముందు ఏ కోర్టు పద్ధతి ఆ కోర్టుది. చాలావాటిలో "రష్యా చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నాను" అన్న మాట తప్ప ఊరూ పేరూ ఉండవు. ఆ తేదీ తర్వాత దేశమంతా ఒకే ఫారం వచ్చింది. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, భార్య పుట్టిన ఊరు, పిల్లల పేర్లు, వచ్చిన ఓడ పేరు, దిగిన తేదీ అన్నీ అందులో నింపాలి. 1906 జూన్ చివర తర్వాత దిగినవాళ్లయితే, ప్రభుత్వం ఓడ జాబితాలో పేరు సరిచూసి ఇచ్చిన రాక ధ్రువపత్రం కూడా జతపరిచి ఉంటుంది. అది ఉంటే ఓడ కోసం మీరు విడిగా వెతుక్కునే పనే లేదు. ఒక ప్రతి కోర్టు దస్త్రాల్లో ఉంటుంది, ఇంకొకటి యూఎస్‌సీఐఎస్ దగ్గర ఉంటుంది. పిల్లల గ్రీన్‌కార్డుల పుణ్యమా అని మీకు పరిచయమైన ఆఫీసే. అక్కడ వంశ పరిశోధకుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. వాళ్లు తీరిగ్గా పంపుతారు కాబట్టి మనవరాలి స్కూలు గడువుకు అందకపోవచ్చు. లూయిస్ 1922 సెప్టెంబరుకు ముందే పౌరుడై ఉంటే, భార్య పేరుతో విడిగా పౌరసత్వ కాగితం కోసం మాత్రం వెతకొద్దు. 1922 సెప్టెంబరులో చట్టం మారేదాకా మొగుడు పౌరుడైతే ఆవిడా పౌరురాలే, ఆవిడకంటూ వేరే కాగితం ఉండేది కాదు.

ఓడ జాబితా దొరికాక జనం చేసే తప్పు ఒకటి రోజూ చూసేదాన్ని. 1907 నుంచి ప్రయాణికుల జాబితా రెండు పేజీలది. ఎడమ పేజీలో పేరు, వయసు, వృత్తి, చివరిగా కాపురమున్న ఊరు, స్వదేశంలో వదిలి వచ్చిన దగ్గర బంధువు పేరు, చిరునామా. కుడి పేజీలో అమెరికాలో ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో వాళ్ల పేరు, ఇంటి నంబరు, ఎత్తు, జుట్టు రంగు, అన్నిటికన్నా చివరి గడిలో పుట్టిన ఊరు. కంప్యూటర్లో పేరు కొడితే ఎడమ పేజీ వస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి, ప్రింటు తీసుకుని ఇంటికెళ్లిపోతారు. తర్వాతి బొమ్మకు జరగండి, పుట్టిన ఊరు అక్కడుంది.

ఎడమ పేజీలోని బంధువు గడి మీద కూడా కాస్త కన్ను వేయండి. "తండ్రి ఫలానా, ఫలానా ఊరు" అని ఉందంటే ముత్తాత తండ్రి పేరు అక్కడే చేతికొచ్చినట్టు. ఆయన వరసలో, ఎక్కువగా వృత్తి గడిలో, తర్వాతెప్పుడో గిలికిన అంకెలు, వాటి వెనక ఒక తేదీ ఉంటే సంతోషించండి. పౌరసత్వం కోసం దరఖాస్తు వేసినప్పుడు గుమాస్తా ఆ పాత జాబితా తీసి సరిచూసిన గుర్తు అది. పేరు పక్కన 'ఎక్స్' ఉంటే ఆయన్ను కాసేపు ఆపారని. ఆపినవాళ్ల జాబితా ఆ ఓడ కాగితాల చివర్లో వేరే ఉంటుంది, తీసుకెళ్లడానికి ఎవరొచ్చారో అందులో తెలుస్తుంది.

జాబితాలో 'లూయిస్' ఉండడు. లూయిస్ అనేది బ్రూక్లిన్ పేరు. ఓడ ఎక్కినప్పుడు ఆయన లైబ్ అయి ఉండొచ్చు, హీబ్రూలో యెహూదా లైబ్ అనో ఆర్యే లైబ్ అనో ఉండొచ్చు. ఇంటిపేరు అక్షరాలు రేవును బట్టి మారతాయి. హాంబర్గ్‌లో జర్మన్ చెవితో రాస్తారు, లిబావు (ఇప్పుడు లాట్వియాలో ఉన్న రేవు) నుంచి వచ్చిన రష్యా ఓడలో ఇంకోలా. రష్యన్ లిపిలో 'హ' లేదు కాబట్టి హిర్ష్ కాస్తా గిర్ష్ అవుతాడు, హోరోవిట్జ్ గుర్విచ్ అవుతాడు. ఈ తంటా తెలిసినవాళ్లే 1985లో డైచ్-మోకోటాఫ్ సౌండెక్స్ అనే పద్ధతి కనిపెట్టారు. స్పెల్లింగ్ చూడకుండా ఉచ్చారణను అంకెలుగా మార్చి వెతుకుతుంది. యూదుల వంశ చరిత్రల సైటు జ్యూయిష్‌జెన్‌లో, స్టీవ్ మోర్స్ వన్-స్టెప్ పేజీల్లో అది వాడుకోవచ్చు. మీ అల్లుడు సాఫ్ట్‌వేర్ అయితే చెప్పండి, ఇంటెల్ 8086 చిప్‌ను రూపొందించిన మోర్సే ఈయన.

లూయిస్ పౌరుడు కాలేదనుకోండి, అప్పుడూ దారి మూసుకుపోదు. 1940లో పౌరులు కానివాళ్లందరూ వేలిముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలని చట్టం వచ్చింది. ఆ ఫారాల్లో పుట్టిన ఊరు అడిగారు. పౌరుడైనా కాకపోయినా, 1942 ఏప్రిల్‌లో నడివయసు మగవాళ్లకు పెట్టిన సైనిక నమోదులో ఆయన కార్డు ఉండాలి. 1877 ఏప్రిల్ చివర నుంచి 1897 ఫిబ్రవరి దాకా పుట్టినవాళ్లందరికీ అది వర్తించింది, ఆ కార్డు మీద పుట్టిన స్థలం గడి ఉంది. మొదటి యుద్ధం కార్డు మీ పనికి రాదు. ఆయన వయసువాళ్లు 1918 సెప్టెంబరులో నమోదయ్యారు, ఆ విడత కార్డులో పుట్టిన ఊరు అడగలేదు. ఇక సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం 1936 నుంచి వేసిన దరఖాస్తులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ ఉంటాయి. ఆయనే స్వయంగా చెప్పినవి కాబట్టి మరణ ధ్రువపత్రం కన్నా నేను దీన్నే నమ్ముతాను. చనిపోయిన మనిషి తన వివరాలు తాను చెప్పుకోలేడు కదా, ఆ బాధలో ఉన్న కొడుకో కూతురో నోటికొచ్చింది చెప్తారు. అయినా తీసి చూడండి. 1948 దాకా న్యూయార్క్ నగర మరణ పత్రాలు అక్కడి మునిసిపల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందులో పనికొచ్చేది శ్మశానం పేరు.

అసలు తీగ అక్కడుంది. న్యూయార్క్ యూదు శ్మశానాల్లో చాలా భాగం స్థలాన్ని ఊరి సంఘాలే కొనుక్కున్నాయి. ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు నెలనెలా చందా వేసుకుని, జబ్బు చేస్తే సాయం, చనిపోతే సమాధి స్థలం ఇచ్చుకునే సంఘాలు అవి. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో లాండ్స్‌మన్‌షాఫ్ట్ అంటారు. శ్మశానం ఆఫీసుకు ఫోన్ చేసి లూయిస్ సమాధి ఏ సంఘం స్థలంలో ఉందో అడగండి. ఆ సంఘం పేరులోనే ఊరి పేరు ఉండొచ్చు. అయితే భార్య తరఫు సంఘంలో చేరినవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఇదొక్కటే సాక్ష్యంగా చాలదు. పక్క సమాధుల పేర్లు కూడా రాసుకోండి.

ఆయన కాగితాల్లో ఎక్కడా ఊరు తేలకపోతే ఆయన్ను పక్కన పెట్టి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పట్టుకోండి. నేను చూసిన కుటుంబాల్లో ఊరి పేరు తాత కాగితంలో కన్నా, ఎవరూ పట్టించుకోని చిన్నతాత కాగితంలో దొరకడమే ఎక్కువ. ఒకడు "రష్యా" అని ఊరుకుంటాడు, ఇంకొకడు గుబెర్నియా, జిల్లా, ఊరు వరసగా రాసిపెడతాడు. కోవ్నో ప్రాంతం యూదులు దక్షిణాఫ్రికాకు చాలామంది వలస వెళ్లారు. తమ్ముడెవరైనా జోహానెస్‌బర్గ్‌లో పోయి ఉంటే అక్కడి ఆస్తి దస్త్రాల్లోని మరణ నోటీసులో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాసే గళ్లున్నాయి. తీగ లాగితే డొంకంతా కదిలేది ఇలాంటి చోటే.

ఊరు తేలిందా, అప్పుడు లిథువేనియా. రష్యా పాలనలో 1835 నుంచి యూదుల జనన, మరణ, వివాహాల పుస్తకాలను ప్రభుత్వ గుర్తింపు పొందిన రబ్బీ (యూదు మతగురువు) రాయాలి. పుస్తకం తెరిస్తే ఒక పేజీ రష్యన్‌లో, ఎదురు పేజీ హీబ్రూలో. ఒక్కో బిడ్డకు ఒక వరస: సున్తీ చేసినవారి పేరు, తేదీ క్రైస్తవ పంచాంగంలో ఒకటి, యూదు పంచాంగంలో ఒకటి, తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, తల్లి పేరు, బిడ్డ పేరు. ఆ క్రైస్తవ తేదీ కూడా పాత జూలియన్ లెక్కలోది. మన లెక్కకు రావాలంటే 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు కలపాలి. అమెరికా కాగితంలో పుట్టినరోజు 12 రోజులు తేడాగా ఉంటే కంగారు పడకండి. అసలు రెండు మూడేళ్లు తేడా ఉన్నా కంగారు పడకండి. పుట్టిన తేదీ మీద వాళ్లకు మనకున్నంత పట్టింపు లేదు.

కంగారు పడాల్సింది ఇంకొకటి ఉంది. విల్నాలో పుట్టిన పిల్లవాడి వరసలో తండ్రి "విల్కోమిర్ పట్టణవాసి" అని కనపడుతుంది. అలాగని అతను విల్కోమిర్‌లో ఉన్నాడనుకోకండి. రష్యాలో ప్రతి కుటుంబమూ పన్నుల కోసం ఒక ఊళ్లో నమోదై ఉండాలి, ఇల్లు మారినా ఆ నమోదు తరాల తరబడి మారకపోవచ్చు. మీకిది ఒకందుకు మంచిదే. తాతలు ఏ ఊరివాళ్లో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది, 1834, 1850, 1858 సంవత్సరాల రివిజన్ జాబితాల్లో (పన్నుల కోసం తీసిన జనాభా లెక్కల్లో) వాళ్లను ఆ ఊరి కింద వెతకొచ్చు. ఆ జాబితాల్లో ఇంటి పెద్ద, కొడుకులు, మనవలు, వాళ్ల వయసులు, వెనకటి లెక్క తర్వాత చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, సైన్యంలోకి పట్టుకుపోయినవాళ్లు కూడా ఉంటారు. అసలు పుస్తకాలు ఎక్కువగా విల్నియస్‌లోని లిథువేనియా ప్రభుత్వ చారిత్రక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అంత దూరం వెళ్లక్కర్లేదు. లిట్వాక్‌సిగ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు వాటిని ఇంగ్లీషులో సూచికలుగా చేశారు, జ్యూయిష్‌జెన్‌లో ఉచితంగా వెతకొచ్చు. అన్ని పుస్తకాలూ మిగల్లేదు. మీ ఊరివి, మీ సంవత్సరానివి మిగిలాయో లేదో ముందు చూసుకుని, తర్వాతే ఎవరికైనా డబ్బు కట్టండి. ఆ మాట చెప్పకుండా వెతికిపెడతామని ముందే డబ్బడిగేవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి.

ఇంకొక మాట అమ్మా, ఇది మనవరాలికి ఎలా చెప్పాలో మీరూ అమ్మాయీ ముందే అనుకోండి. లూయిస్‌తో రాకుండా అక్కడే ఉండిపోయినవాళ్ల కోసం వెతికితే, నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ యాద్ వషెమ్ పేర్ల జాబితాలో తేలే అవకాశం ఎక్కువ. లిథువేనియా యూదుల్లో 90 శాతానికి పైగా నాజీల కాలంలో హతమయ్యారు. అందులోనూ ఎక్కువమందిని 1941 రెండో సగంలో, వాళ్ల ఊళ్ల పక్కనే చంపేశారు. యాద్ వషెమ్‌లోని సాక్ష్య పత్రాలు బతికినవాళ్లు, బంధువులు రాసిచ్చినవి. చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, భార్య లేక భర్త పేరు ఉంటాయి, అడుగున రాసిచ్చినవారి పేరు, చుట్టరికం ఉంటాయి. ఆ అడుగు భాగం తప్పకుండా చదవండి. 1950ల్లో రాసిచ్చిన ఆ మనిషి మీ అల్లుడికి తాత వరసో, అత్త వరసో కావచ్చు, వాళ్ల పిల్లలు ఇవాళ ఎక్కడో ఒకచోట ఉండి ఉండొచ్చు.

ప్రశ్న: మా ఆవిడ పుట్టింటి పేరు గ్రీన్. అసలు పేరు ఏదో పొడుగాటిదట, ఎల్లిస్ ద్వీపంలో ఆఫీసర్‌కు నోరు తిరగక మార్చేశాడని మా మామగారు ప్రతి పండక్కీ చెప్తారు. ఆ అసలు పేరు ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: బాబూ, మామగారితో వాదన పెట్టుకోకండి కానీ అది జరగని పని. ఎల్లిస్ ద్వీపంలో, అంటే న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన చోట, ఎవరూ పేర్లు కొత్తగా రాసుకోలేదు. ఓడ కంపెనీవాళ్లు అవతలి రేవులో రాసి తెచ్చిన జాబితా ముందు పెట్టుకుని సరిచూసేవాళ్లు. యిడ్డిష్ తెలిసిన దుబాసీలు పక్కనే ఉండేవాళ్లు. తర్వాత న్యూయార్క్ మేయర్ అయిన లా గార్డియా కూడా 1907 నుంచి 1910 దాకా అక్కడ దుబాసీ పనే చేశాడు. పేరు మార్చుకున్నది మీ ఆవిడ పెద్దలే. ఉద్యోగం కోసమో, పిల్లల బడి కోసమో, పక్కవాడు మార్చుకున్నాడనో. కాబట్టి పాత పేరు పౌరసత్వ పిటిషన్‌లో చూడండి. ఓడ దిగినప్పటి పేరు ఒకటి, ఇప్పటి పేరు ఒకటి అని చాలాసార్లు రెండూ రాశారు. అక్కడ లేకపోతే పేరు మార్పు కోసం కోర్టులో వేసిన అర్జీలు వెతకండి. అన్నట్టు, ఆ పెద్దాయన ఏ సంవత్సరంలో వచ్చారో ముందు కనుక్కోండి. ఎల్లిస్ ద్వీపం తెరిచిందే 1892 జనవరి 1న. అంతకు ముందు వచ్చి ఉంటే ఆయన ఆ ద్వీపంలో అడుగే పెట్టలేదు, 1890 ఏప్రిల్‌కు ముందైతే న్యూయార్క్‌లోనే కాసిల్ గార్డెన్‌లో దిగి ఉంటారు.

ప్రశ్న: మా మామగారి తాతగారి సమాధి ఫోటో పంపుతున్నాను. అంతా హీబ్రూ. చనిపోయింది 1920లో అని మా వారు ఎవరితోనో చదివించుకున్నారు. 1920 మరణాల సూచికంతా వెతికినా పేరు లేదు.
– ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: ఫోటో శుభ్రంగా ఉందమ్మా, చదవగలిగాను. పైన ఉన్న రెండు అక్షరాలు, అడుగున ఉన్న ఐదు అక్షరాలు ప్రతి సమాధి మీదా ఉండేవే, వాటిలో పేరు లేదు. మీకు కావలసింది మధ్యలో 'బెన్' అన్న చిన్న మాట. దానికి ముందున్నది ఆయన పేరు, తర్వాతది తండ్రి పేరు. తాతగారు మెనఖెమ్ మెండెల్, ఆయన తండ్రి త్స్వీ హిర్ష్. అంటే ఒక్క రాయి మీద మీకు ఇంకొక తరం దొరికింది. తండ్రి పేరు తర్వాత 'హలేవీ' అని ఉంది, పైన చెక్కిన నీళ్ల కూజా కూడా అదే చెప్తుంది. లేవీ వంశీకులు, అంటే పూర్వం యూదుల దేవాలయంలో సేవ చేసినవాళ్ల వంశం. ఇది తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది కాబట్టి, ఇదే పేరుతో ఇంకెవరైనా తగిలితే లేవీ అవునో కాదో చూసి ఏరేయొచ్చు.

తేదీ కిస్లేవ్ నెల 18, సంవత్సరం 680. సమాధుల మీద వేల స్థానం వదిలేస్తారు, అది 5680. 680కి 1240 కలిపితే 1920 వస్తుంది, మీ వారికి చదివిపెట్టినవాళ్లు చేసిన లెక్క అదే. కానీ యూదుల సంవత్సరాది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. కిస్లేవ్ దాని తర్వాత మూడో నెల. కాబట్టి అది 1919 డిసెంబరు 10. వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక 9వ తేదీ రాత్రి అయినా కావచ్చు. 1919 సూచిక చూడండి.

ప్రశ్న: మా కోడలి ముత్తవ్వ టర్నోపోల్‌లో పుట్టారు. ఆవిడ జనన నమోదు దొరికింది. అందులో "అక్రమ సంతానం" అని ఉంది, తండ్రి గడి ఖాళీ. కోడలు మనసు కష్టపెట్టుకుంది. ఇలాంటివి పిల్లలకు చెప్పకుండా దాచేయడమే మంచిదా?
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: దాచాల్సిందేమీ లేదమ్మా, మీ కోడలిని నిశ్చింతగా ఉండమనండి. టర్నోపోల్ అప్పట్లో ఆస్ట్రియా పాలనలోని గలీషియా, ఇప్పుడు యుక్రెయిన్‌లో టెర్నోపిల్. అక్కడి యూదులు రబ్బీ ముందు శాస్త్రోక్తంగా పెళ్లి చేసుకునేవాళ్లు, పదిమంది పిల్లలను కనేవాళ్లు, ఊరంతా వాళ్లను ఆలుమగలనే అనేది. ప్రభుత్వ దస్త్రంలో మాత్రం ఆ పెళ్లి నమోదయ్యేది కాదు. నమోదు చేయించుకోవాలంటే ఖర్చు, ఆంక్షలు, తిరుగుడు. దాంతో సర్కారు లెక్కలో పిల్లలంతా అక్రమ సంతానమే, ఇంటిపేరు తల్లిదే. గలీషియా పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఆ మాట వరసగా కనపడుతుంది. కొందరు ముసలివయసులో, మనవలు పుట్టాక, ఏదో ఆస్తి కాగితం కోసమో పాస్‌పోర్టు కోసమో వెళ్లి పెళ్లి నమోదు చేయించుకున్నారు. కాబట్టి ఆ ముత్తవ్వ తల్లిదండ్రుల పెళ్లి కోసం ఆవిడ పుట్టిన ఇరవై ముప్పై ఏళ్ల తర్వాతి పుస్తకాలు కూడా చూడండి. జనన నమోదు అంచున ఇరుకు అక్షరాలతో తర్వాత రాసిన చేర్పు ఏమైనా ఉందా అనీ చూడండి, తండ్రి వచ్చి ఒప్పుకున్న మాట అక్కడే రాస్తారు. ఇంటిపేరు మధ్యలో 'రెక్టె' అనో 'ఫాల్స్' అనో ఉంటే అమ్మ పేరు, నాన్న పేరు రెండూ ఉన్నాయని అర్థం. అక్కచెల్లెళ్లలో ఒకరు తల్లి ఇంటిపేరుతో, ఇంకొకరు తండ్రి ఇంటిపేరుతో అమెరికా వెళ్లడం కూడా మామూలే, అందుకని రెండు పేర్లతోనూ వెతకండి. అక్కడి యూదు పుస్తకాల్లో కొన్ని వార్సాలోని ఎజిఎడి ఆర్కైవ్స్‌లో, కొన్ని యుక్రెయిన్‌లో ఉన్నాయి. గెషర్ గలీషియా, జెఆర్ఐ-పోలండ్ సూచికలు రెండూ చూడండి, ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, ఊరు రాయలేదు

జవాబు: చేయించుకోండి, కాకపోతే ఊరి పేరు అందులో రాదు. తూర్పు ఐరోపా యూదులు తరాల తరబడి తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి ప్రతివాళ్లకూ వేలకొద్దీ చుట్టాలు తగులుతారు. నాలుగో తరం దాయాది అని యంత్రం చెప్పినవాళ్లు నిజానికి ఇంకా చాలా దూరం అయి ఉంటారు. అదే ఆ యూదు కుటుంబంలో పెద్దవాళ్లు, డెబ్భైలు ఎనభైలలో ఉన్నవాళ్లు ఉంటే టెస్ట్ వాళ్లకు చేయించండి, ఫలితం కాస్త దగ్గరగా తేలుతుంది. ఎలాగూ వాళ్లింటికి వెళ్తారు కాబట్టి పాత ఫోటోల వెనక ఏం రాసుందో కూడా ఫోన్‌లో ఫోటో తీసుకుని రండి.